డిప్రెషన్‌కి ఆక్యుపంక్చర్ చేయించుకుందామనుకుంటున్నారా? ఇలా మొదలుపెట్టండి

"సూదులు పెట్టించుకుంటే డిప్రెషన్ తగ్గిపోద్దట కదండీ?" విజయనగరంలో మెడికల్ షాపు కౌంటర్ వెనక కూర్చునేవాణ్ని కాబట్టి ఈ ప్రశ్న నన్ను వదలదు. కొందరు క్యాంపు కరపత్రం చేత్తో పట్టుకుని వస్తారు, కొందరు ఫోన్లో వీడియో చూపిస్తారు, ఇంకొందరు ఆ మాటా ఈ మాటా మాట్లాడి చివర్లో మెల్లగా అంటారు: "అక్కడ చేరితే ఈ మాత్రలు మానేయొచ్చన్నారండి, అందుకే ఈ నెల తీసుకోవట్లేదు." ఆ చివరి మాట వల్లే ఇంత వివరంగా రాస్తున్నాను.

నా జవాబు ఒక్కటే. చేయించుకోవచ్చు, కానీ డాక్టర్ ఇచ్చిన మందుకి బదులుగా కాదు, దానితోపాటు. అదీ మొదలుపెట్టే ముందే ఒక స్కోరు రాసుకుని, ఎన్నాళ్లు చూడాలో, ఎప్పుడు ఆపేయాలో నిర్ణయించుకుని.

పనిచేస్తుందా అంటే, ఆశ పెట్టుకునేంత ఉంది, గొప్పలు చెప్పుకునేంత లేదు. ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో 755 మంది డిప్రెషన్ పేషెంట్లతో చేసిన అధ్యయనం 2013లో అచ్చయింది. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లకంటే, దానితోపాటు వారానికోసారి చొప్పున 12 సిట్టింగుల దాకా ఆక్యుపంక్చర్ చేయించుకున్నవాళ్లకి మూడు నెలల నాటికి కాస్త ఎక్కువ తగ్గింది. అయితే కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లకీ దాదాపు అంతే తగ్గింది, ఏడాది తిరిగేసరికి మిగతావాళ్లు కూడా కోలుకోవడంతో ఆ తేడా పెద్దగా మిగల్లేదు. ఇంకో సంగతి, అందులో ఎక్కువమంది డిప్రెషన్ మాత్రలు వాడుతూనే ఉన్నారు. 2018లో, వైద్య అధ్యయనాల్ని పోగేసి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ వాళ్లు 64 అధ్యయనాలు కలిపి చూశారు: ఏమీ చేయకుండా ఉండటంకంటే కొంత మేలు కనిపించింది, ఉత్తుత్తి సూదులతో పోల్చి చూస్తే తేడా చిన్నదిగా ఉంది, పైగా ఆ అధ్యయనాల నాణ్యతే అంతంతమాత్రం అని తేల్చారు. సిద్ధాంతం ఇంతటితో చాలు. శక్తి, ప్రవాహం, నాడులు లాంటివి మీకు చేసేవాళ్లు ఎలాగూ చెప్తారు.

ఈ పరిస్థితుల్లో సూదుల జోలికే వెళ్లొద్దు, నేరుగా ఆసుపత్రికి

చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయి, పురుగుమందు డబ్బా మీదికో తాడు మీదికో మనసు పోతోంది. తిండి, నీళ్లు మానేశారు. ఎవరూ లేకుండానే గొంతులు వినిపిస్తున్నాయి. బాలింత బిడ్డని దగ్గరికి తీసుకోవట్లేదు, రాత్రిళ్లు ఒంటరిగా ఏదో మాట్లాడుకుంటోంది. ఇలాంటప్పుడు వచ్చే సోమవారం క్యాంపు ఉంది కదా అని ఆగకండి. మనిషిని ఒంటరిగా వదలకండి, ఇంట్లో ఉన్న పురుగుమందులు, మాత్రలు తీసి దాచేయండి, 108కి ఫోన్ చేయండి లేదా దగ్గర్లోని పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే టెలీ మానస్ (మానసిక సమస్యలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్) నంబరు 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- మీరు వాడుతున్న మందులన్నిటి చీటీలు. బీపీ, షుగర్, గుండెవి కూడా. చీటీ లేకపోతే మందు పట్టీలే సంచిలో వేసుకోండి.
- ఈ మధ్య చేయించుకున్న రక్తపరీక్షల కాగితాలు.
- ఒక చిన్న నోటుపుస్తకం. ఇది లేకపోతే కింద చెప్పబోయే దానిలో సగం పనికిరాదు.
- మొదటి రెండు మూడు సార్లైనా తోడు వచ్చే మనిషి.
- 8 నుంచి 12 వారాల పాటు, వారానికోసారైనా వెళ్లిరాగల ఓపిక, ఛార్జీలు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా వారం వారం రైలెక్కి దిగడం డిప్రెషన్‌లో ఉన్న మనిషికి చిన్న పని కాదు. దూరాన ఉన్న పేరున్న చోటుకంటే, దగ్గర్లో శుభ్రంగా చేసే చోటే మేలు అంటాను నేను.

1. ముందు జబ్బేమిటో డాక్టర్‌తో తేల్చుకోండి

మన వైపు డిప్రెషన్ అని ఎవరూ రారు. "ఒంట్లో ఏటీ బాగోనేదు బాబూ, గుండె గాబరా, తిండి సయించట్లేదు" అంటారు. బలానికి టానిక్కు అడుగుతారు, లేదంటే నిద్రమాత్ర ఇమ్మంటారు. ఇంకొందరు గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుని, అది పనిచేయకపోతే అప్పుడు సూదుల దగ్గరికి వెళ్తారు. మధ్యలో డాక్టర్ ఒక్కరే ఉండరు.

రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, విటమిన్ బీ12 తగ్గినా అచ్చం ఇలాగే నీరసంగా, దిగులుగా ఉంటుంది. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్, బీ12, షుగర్ చూపించుకోండి. ఉద్దానం వైపువాళ్లు, అంటే కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస చుట్టుపక్కలవాళ్లు కిడ్నీ సంగతి తెలిపే క్రియాటినిన్ కూడా తప్పకుండా చూపించుకోండి. కిడ్నీ దెబ్బతింటే వచ్చే నీరసాన్ని దిగులనుకుని నెలలు గడిపేస్తే ఆ నష్టం ఏ సూదితోనూ పూడదు.

సైకియాట్రిస్ట్ అనగానే "నాకేమైనా పిచ్చా" అని ముఖం మాడ్చుకోకండి. శ్రీకాకుళం రిమ్స్‌కో, విజయనగరం సర్వజన ఆసుపత్రికో వెళ్లి సైకియాట్రీ ఓపీ ఎక్కడో అడగండి. పెద్ద సమస్య అయితే విశాఖ వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. డాక్టర్‌కి ఒక సంగతి మాత్రం దాచకండి: ఎప్పుడైనా కొన్ని రోజులు వరసగా నిద్ర లేకపోయినా హుషారుగా తిరగడం, గలగలా మాట్లాడటం, డబ్బు మంచినీళ్లలా ఖర్చుపెట్టడం జరిగిందా? జరిగుంటే అది బైపోలార్ (కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు అతి హుషారు వచ్చే జబ్బు) కావచ్చు, దానికి వైద్యమే వేరు.

2. స్కోరు రాసుకోండి

ఎక్కువమంది వదిలేసేది ఈ పనే. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది, ప్రపంచమంతా డాక్టర్లు వాడేదే, పై ఇంగ్లండ్ అధ్యయనంలోనూ దీంతోనే కొలిచారు. గత రెండు వారాల్లో కిందివి ఎంత తరచుగా ఇబ్బంది పెట్టాయో చూసుకోవాలి:

ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులు లేదా ఇక ఏమీ బాగుపడదనిపించడం, నిద్ర పట్టకపోవడం లేదా మరీ ఎక్కువ పడుకోవడం, నీరసం, ఆకలి లేకపోవడం లేదా అతిగా తినడం, నేను పనికిరాను, ఇంట్లోవాళ్ల పరువు తీశాను అనిపించడం, పేపర్ చదువుతున్నా టీవీ చూస్తున్నా మనసు నిలవకపోవడం, పక్కవాళ్లు గమనించేంత నెమ్మదించిపోవడం లేదా కుదురులేక అటూ ఇటూ తిరగడం, చచ్చిపోతే బాగుండు, నన్ను నేను ఏదైనా చేసుకుందామా అన్న ఆలోచన.

అసలు లేకపోతే 0, కొన్ని రోజులు అయితే 1, సగం కంటే ఎక్కువ రోజులు అయితే 2, దాదాపు రోజూ అయితే 3. మొత్తం 27. 5 నుంచి 9 అయితే తేలిక, 10 నుంచి 14 మధ్యస్థం, 15 నుంచి 19 గట్టిగా ఉన్నట్టు, 20 నుంచి పైకి తీవ్రం. తొమ్మిదో ప్రశ్నకి, అంటే చివర్లో ఉన్న చావు ఆలోచనల ప్రశ్నకి, 0 కాకుండా ఏది వచ్చినా, మొత్తం ఎంత తక్కువున్నా సరే, అది డాక్టర్‌కి చెప్పాల్సిందే.

ఈ స్కోరు జబ్బుకి పేరు పెట్టదు, అది డాక్టర్ పని. మీకు తగ్గుతోందా లేదా చూసుకోవడానికి ఇది కొలబద్ద. పెద్దవాళ్లకి చదవడం రాకపోతే మీరు చదివి వినిపించండి, కానీ జవాబు వాళ్లనే చెప్పనివ్వండి. "మా అమ్మకి నిద్ర బాగానే పడతాదండి" అని కొడుకే చెప్పేస్తుంటాడు, పక్కనే ఆవిడ తల అడ్డంగా ఊపుతుంటుంది.

తేదీ వేసి రాయండి. దాని పక్కనే ఎన్ని గంటలు పడుకున్నారు, ఇంట్లోంచి బయటికెళ్లారా, వంట చేశారా అని ఒక్క ముక్క రాస్తే ఇంకా మంచిది.

3. మాత్రలు కొత్తగా మొదలుపెట్టి ఉంటే కొన్నాళ్లు ఆగండి

ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మాత్రలు వేసుకున్న మర్నాడే పనిచేయవు. రెండు నుంచి నాలుగు వారాలకి మొదలై, పూర్తి గుణం కనిపించేసరికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈలోగా విసుగొచ్చి సూదులకి వెళ్తారు. సరిగ్గా మాత్ర పనిచేయడం మొదలయ్యే వారానికి సూదులు మూడో సిట్టింగ్‌లో ఉంటాయి, పేరేమో సూదులకి వస్తుంది, మాత్రలు చెత్తబుట్టలోకి పోతాయి, రెండు మూడు నెలలకి జబ్బు మళ్లీ తిరగబెడుతుంది. మా కౌంటర్ దగ్గర ఇది మామూలు కథ.

కాబట్టి మందు మొదలెట్టి లేదా డోసు మార్చి కనీసం ఆరు వారాలు గడిచాక సూదులు మొదలుపెట్టండి. అప్పుడైతే ఏది దేనివల్లో కొంతైనా తెలుస్తుంది. డాక్టర్‌కి కూడా చెప్పండి, "దీనితోపాటు ఆక్యుపంక్చర్ చేయించుకుంటానండి" అని. కొందరు విసుక్కుంటారు, పర్లేదు, దాచడం కంటే అదే నయం.

4. చేసే మనిషిని చూసి ఎంచుకోండి

కేంద్ర ఆరోగ్య శాఖ 2019 ఫిబ్రవరిలో ఆక్యుపంక్చర్‌ని ఒక వైద్య పద్ధతిగా గుర్తిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అంతమాత్రాన గోడకి సర్టిఫికెట్ తగిలించుకున్న ప్రతివాళ్లూ డిప్రెషన్‌కి వైద్యం చేయగలరని కాదు. బీఎన్‌వైఎస్ చదివిన ప్రకృతి వైద్యులకి కోర్సులోనే ఆక్యుపంక్చర్ ఉంటుంది. అలోపతి డాక్టర్లు కొందరు విడిగా నేర్చుకుని చేస్తారు. ఫిజియోథెరపీలో డ్రై నీడ్లింగ్ అని ఒకటుంది, చూడ్డానికి సూదులే గానీ అది కండరాల నొప్పులకి, దీనికి కాదు.

మొదటిరోజే ఈ ప్రశ్నలు అడిగేయండి, మొహమాటం వద్దు: ఏం చదివారు, ఎక్కడ? సూదులు ప్రతిసారీ కొత్తవేనా? నా డిప్రెషన్ మందుల సంగతి ఏం చేయమంటారు? ఎన్ని సిట్టింగుల తర్వాత గుణం లేదని ఒప్పుకుంటారు?

మూడో ప్రశ్నకి వచ్చే జవాబే అసలు పరీక్ష. "మందులు మీ డాక్టర్ చెప్పినట్టే వాడండి" అంటే కూర్చోండి. "ఈరోజుతో అన్ని మాత్రలూ ఆపేయండి, ఆపితేనే ఇది పనిచేస్తుంది" అంటే లేచి వచ్చేయండి, ఫీజు కట్టేసి ఉన్నా సరే. సూది కూడా లేకుండా వేలితో ఒక్క చోట ముట్టుకుని పంపేసేవాళ్లు కూడా ఉన్నారు. ముట్టుకుంటే వచ్చిన నష్టమేమీ లేదు, వాళ్లలో కొందరు పెట్టే "ఏ మందూ వాడొద్దు" అనే షరతుతోనే ప్రమాదం. డిప్రెషన్ మాత్ర ఒక్కసారిగా ఆపితే తల తిరుగుతుంది, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమంటుంది, నిద్ర పట్టదు, చిరాకు, ఏడుపు వస్తాయి. దానికి వాళ్లు చెప్పే మాట "ఒంట్లో విషం బయటికి పోతోంది". అది విషమూ కాదు, బయటికి పోవడమూ కాదు. మాత్ర ఆపాలంటే డాక్టరే మెల్లమెల్లగా తగ్గిస్తూ ఆపాలి. బీపీ, షుగర్, మూర్ఛ మందుల విషయంలో అయితే చెప్పనే అక్కర్లేదు.

ముందే పెద్ద ప్యాకేజీ కట్టించుకుంటామంటే ఒప్పుకోకండి. సిట్టింగ్‌కి సిట్టింగ్ కడతామనండి, మరీ కాదంటే నాలుగింటికి కట్టండి.

5. ఒంటి సంగతులన్నీ ముందే చెప్పండి

వాళ్లు అడక్కపోయినా మీరే చెప్పాల్సినవి:

- గర్భం. నెల తప్పిందేమోనన్న అనుమానం ఉన్నా చెప్పండి. బొటనవేలికి చూపుడువేలికి మధ్య, చీలమండ లోపలివైపు పైన ఉండే కొన్ని చోట్లు గర్భిణులకి వాడరు.
- రక్తం పలచబడే మందులు, రక్తం గడ్డకట్టని జబ్బు, ఈ మధ్యే డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోవడం.
- డయాలసిస్. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి సూది పెట్టనివ్వకూడదు. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి ఆరోజు అసలు వద్దు. కిడ్నీ డాక్టర్‌ని అడగకుండా మొదలే పెట్టొద్దు.
- బోదకాలు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇది పాత శత్రువు. వాచిన కాలికి సూది పెడితే చీము పట్టి జ్వరం తిరగబెట్టే ప్రమాదం ఉంది. ఆ కాలు వదిలేసి మిగతా చోట్ల చేయమనండి.
- పేస్‌మేకర్. సూదులకి కరెంటు తగిలించే పద్ధతి ఒకటుంది, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి అది వద్దు. మూర్ఛ ఉన్నా ముందే చెప్పాలి.
- షుగర్ వల్ల పాదాలు తిమ్మిరెక్కినవాళ్లు. వేడి దీపం పెట్టినా, మాచిపత్రి లాంటి ఆకు కాల్చి సెగ చూపించినా కాలింది కూడా తెలియదు. సెగ వద్దని చెప్పండి.

6. వెళ్లే రోజు

ఖాళీ కడుపుతో వెళ్లకండి. సూది పెట్టగానే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లలో చాలామంది ఏమీ తినకుండా వచ్చినవాళ్లే. కార్తీక సోమవారం ఉపవాసం ఉంటే ఆరోజు సిట్టింగ్ మానేయండి, లేదంటే మర్నాటికి మార్చుకోండి. గంటా రెండు గంటల ముందు ఇడ్లీయో చోడి అంబలో ఏదో ఒకటి తిని వెళ్లండి. మోకాలి దాకా, మోచేతి దాకా మడుచుకోగలిగే వదులు బట్టలు వేసుకోండి. ఆడవాళ్లు తోడు మనిషిని లోపలికే తీసుకెళ్లండి, బయట కూర్చోమంటే ఒప్పుకోకండి. డిప్రెషన్‌కి మామూలుగా వాడే చోట్లు తల, నుదురు, చేతులు, కాళ్లలోనే ఉంటాయి కాబట్టి జాకెట్టు విప్పాల్సిన పని సాధారణంగా రాదు.

మొదటిసారి మాటలతో కలిపి గంట పట్టొచ్చు. తర్వాత సూదులు ఉంచేది 20 నుంచి 30 నిమిషాలు.

7. సూది పెట్టేటప్పుడు కళ్లు మూసుకోకండి, చూడండి

సూది వెంట్రుక కంటే కొంచెం మందంగా ఉంటుంది, ఇంజెక్షన్ సూదితో పోలికే లేదు. అయినా మీరు గమనించాల్సినవి ఉన్నాయి. సీలు ఉన్న ప్యాకెట్‌ని మీ ముందే చింపాలి. దాని మీద ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది, చదవండి. చేతులు కడుక్కున్నారా, చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచారా చూడండి. "మీ సూదులు మీకే, డబ్బాలో పేరు రాసి దాచి మళ్లీ వాడతాం" అంటే కుదరదని చెప్పండి. స్పిరిట్‌లో ముంచినంత మాత్రాన హెపటైటిస్ బీ పోదు.

ఎన్ని పెట్టారో లెక్కపెట్టుకోండి, తీసేటప్పుడు మళ్లీ లెక్కపెట్టండి. జుట్టులో పెట్టినది మర్చిపోయి ఇంటికొచ్చి దువ్వుకుంటే తగలడం వినడానికి నవ్వొస్తుంది గానీ జరిగే పనే.

పెట్టిన చోట బరువుగా, లాగినట్టు, జివ్వుమన్నట్టు ఉంటే అది మామూలే. చురుక్కున మంట పుట్టినా, కరెంటు షాక్‌లా వేళ్ల దాకా పాకినా వెంటనే చెప్పండి, తీసి పక్కకి పెడతారు. చెమటలు పట్టి, కళ్లు చీకట్లు కమ్మి, వాంతి వచ్చేలా ఉంటే "తీసేయండి" అని గట్టిగా అనండి. సూదులన్నీ తీసేసి కాళ్లు ఎత్తు మీద పెట్టి పడుకోబెడితే సర్దుకుంటుంది.

ఛాతీ, వీపు పైభాగం, భుజం, మెడ కింద లోతుగా పెట్టనివ్వకండి. అరుదే గానీ ఊపిరితిత్తికి చిల్లు పడుతుంది.

8. అయ్యాక

ఓ పావుగంట కూర్చుని అప్పుడు బండి ఎక్కండి, కొందరికి మగతగా ఉంటుంది. చుక్క రక్తం రావడం, చిన్న నీలం మచ్చ పడటం మామూలు. ఛాతీలోనో వీపులోనో సూది పెట్టించుకున్న తర్వాత, కొన్ని గంటలు గడిచాకైనా సరే, ఊపిరి అందకపోయినా ఛాతీలో పొడిచినట్టున్నా గ్యాస్ మాత్ర మింగి పడుకోకుండా క్యాజువాలిటీకి వెళ్లండి, "ఇక్కడ సూది పెట్టించుకున్నాను" అని చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే డాక్టర్‌కి తట్టకపోవచ్చు. సూది చోట రోజులు గడిచాక ఎర్రగా వాచి వేడిగా ఉన్నా చూపించుకోవాలి.

9. రెండు వారాలకోసారి స్కోరు, అదీ మామూలు రోజుల్లో

అదే తొమ్మిది ప్రశ్నలు, రెండు వారాలకోసారి, వీలైతే సిట్టింగ్ అయిన రోజు కాకుండా వేరే రోజు. సిట్టింగ్ నుంచి రాగానే మనసు తేలిగ్గా ఉంటుంది, అరగంట కళ్లు మూసుకుని పడుకుని, ఒకరు మన గోడు ఓపికగా విన్నాక ఎవరికైనా అలాగే ఉంటుంది.

పండగ వారం కూడా వద్దు. సంక్రాంతికి పిల్లలు హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో దిగుతారు, అమ్మ స్కోరు ఒక్కసారిగా పడిపోతుంది, "సూదులు భలే పనిచేశాయి" అంటారు. ముక్కనుమ అయ్యాక అందరూ రైలెక్కేస్తారు, ఇల్లు ఖాళీ, స్కోరు మళ్లీ మొదటికి. పైడితల్లమ్మ సిరిమాను వారమూ అంతే. అవి గడిచి ఓ పది రోజులయ్యాక కొలవండి.

ఎలా చదువుకోవాలంటే: మొదటి స్కోరు కంటే 5 పాయింట్లు తగ్గితే అది చెప్పుకోదగ్గ మార్పు. సగానికి సగం తగ్గితే బాగా పనిచేస్తున్నట్టు. 5 కంటే కిందికి వస్తే జబ్బు దాదాపు అణిగినట్టే, అయినా మాత్రలు ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి, సాధారణంగా బాగయ్యాక కూడా ఆరు నెలలైనా కొనసాగించమంటారు. ఒకటీ రెండు పాయింట్ల ఊగిసలాటని పట్టించుకోకండి, అది ఆరోజు కూర నచ్చకపోయినా మారుతుంది.

ఆరు నుంచి ఎనిమిది వారాలకి 5 పాయింట్లు కూడా తగ్గకపోతే ఆపేయండి. "ఇంకో పది చేయించుకుంటే అప్పుడు తెలుస్తుంది" అంటారు, వినకండి. పెరుగుతుంటే అంతకంటే ముందే ఆపి, ఆ నోటుపుస్తకం తీసుకుని సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లండి. "మందు పనిచేయట్లేదండి" అనే మాటకంటే తేదీలతో ఉన్న ఆ అంకెలే ఆయనకి ఎక్కువ పనికొస్తాయి, డోసు పెంచాలో మందు మార్చాలో దాన్నిబట్టి చూసుకుంటారు.

తరచూ చేసే ఇంకొన్ని పొరపాట్లు

ఒకేసారి అన్నీ మొదలుపెట్టేయడం. సూదులు, ఆయుర్వేద లేహ్యం, హోమియో గుళికలు, పక్కింటావిడ చెప్పిన కషాయం. తగ్గితే దేనికి తగ్గిందో తెలియదు, దద్దుర్లు వస్తే దేనికి వచ్చాయో అసలే తెలియదు. కొన్ని మూలికలు డిప్రెషన్ మాత్రలతో పడవు కూడా.

నిద్రమాత్రలు సొంతంగా ఎక్కువ తక్కువ చేయడం. ఆల్‌ప్రాజోలామ్ లాంటివి నెలల తరబడి వాడుతూ సూదుల ధైర్యంతో టక్కున ఆపేస్తే ఫిట్స్ దాకా వెళ్లొచ్చు.

సాయంత్రం తాగుడు మానకపోవడం. సారా అయినా బ్రాందీ అయినా డిప్రెషన్‌ని పెంచేదే, పైగా నిద్రమాత్రతో కలిస్తే ప్రాణం మీదికి తెస్తుంది. మగవాళ్ల విషయంలో ఇంట్లోవాళ్లు ఈ సంగతి ఎక్కడా చెప్పరు, డాక్టర్ దగ్గర కూడా.

ఇంట్లో సొంతంగా సూదులు పెట్టుకోవడం. ఆన్‌లైన్‌లో ప్యాకెట్లు దొరుకుతున్నాయి కదా అని వద్దు.

దగ్గర్లో ఎవరూ లేకపోతే, సూదంటే భయమైతే

వేలితో నొక్కుకోవచ్చు. దీనికి సూదుల పాటి ఆధారాలు కూడా లేవు గానీ ఖర్చూ లేదు, సరిగ్గా చేస్తే హానీ లేదు. కూర్చుని, మెల్లగా ఊపిరి తీస్తూ, ఒక్కో చోట ఒకటి రెండు నిమిషాలు, రోజుకి రెండుసార్లు. నొప్పి పుట్టేలా కాదు, కాస్త గట్టిగా.

- రెండు కనుబొమల మధ్య, బొట్టు పెట్టుకునే చోటే. చూపుడువేలితో మెల్లగా గుండ్రంగా రుద్దండి.
- మణికట్టు లోపలివైపు, అడ్డగీత నుంచి మోచేతి వైపు మూడు వేళ్ల దూరంలో, రెండు నరాల్లా తగిలే తాళ్ల మధ్య. గాబరాగా, వికారంగా ఉన్నప్పుడు చాలామందికి ఇది హాయిగా ఉంటుంది. ఫిస్టులా చేయి అయితే వద్దు.
- మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్లు కిందికి, అక్కడి నుంచి ఎముకకి బయటివైపు ఒక వేలు పక్కకి. బోదకాలు ఉన్న కాలు వదిలేయండి.
- పాదం పైన, బొటనవేలికి రెండో వేలికి మధ్య సందులోంచి రెండు వేళ్లు పైకి.

చేతి బొటనవేలికి చూపుడువేలికి మధ్య కండని నొక్కమని ప్రతి వీడియోలోనూ చూపిస్తారు. గర్భిణులు దాన్ని ముట్టుకోవద్దు.

ఇక ఇంకో దారి కౌన్సెలింగ్. పైన చెప్పిన ఇంగ్లండ్ అధ్యయనంలో సూదులతో సమానంగా నిలబడింది అదే. చార్జీలు పెట్టుకుని వెళ్లలేనివాళ్లు, ఊళ్లో ఎవరైనా చూస్తారేమోనని ఓపీ లైనులో నిలబడలేనివాళ్లు 14416కి ఫోన్ చేయండి, అది కలవకపోతే 1800-891-4416. ముందు భాష ఎంచుకోమంటుంది, తెలుగు నొక్కి కాసేపు లైన్లో ఉండండి.